దేవుడి మాన్యం లాంటి కాలేజీ నిధి: కెంటకీలో 1920లో రాసుకున్న ఒక రూల్ కథ

ఈ రోజు మాట్లాడబోయేది బడ్జెట్ గురించి. ఆగండి ఆగండి, స్కిప్ కొట్టకండి. ముందు ఒక చిన్న సంగతి చెప్తాను, ఆ తర్వాత ఇది మన గురించా కాదా అన్నది మీరే చెప్పండి.

నా బీటెక్ ఫైనల్ ఇయర్ అయిపోయింది. రూమ్మేట్‌కి క్యాంపస్‌లో జాబ్ వచ్చింది, జాయినింగ్ డేట్ కూడా వచ్చేసింది. సర్టిఫికెట్ల కోసం కాలేజీ ఆఫీసుకి వెళ్తే, "నీ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా పడలేదు బాబూ, డబ్బు కట్టి ఒరిజినల్స్ తీసుకెళ్ళు" అన్నారు. వాడు కట్టాల్సిన డబ్బు కాదది. ప్రభుత్వం ఇస్తానన్న డబ్బు. అయినా వాళ్ళ నాన్న ఊళ్ళో 3 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కట్టారు. ఆ రీయింబర్స్‌మెంట్ తర్వాత ఎప్పుడో పడింది. వడ్డీ మాత్రం ఎవరూ రీయింబర్స్ చెయ్యలేదు.

అప్పటి నుంచి నా బుర్రలో ఒకటే ప్రశ్న. పేద పిల్లల్ని, వెనకబడిన కులాల పిల్లల్ని, ఇంతకు ముందు గేటు దగ్గరే ఆపేసిన వాళ్ళని కాలేజీలోకి తీసుకురావాలి అని అందరూ అంటారు. మంచిదే. కానీ ఆ మాట వెనక డబ్బు ఎక్కడుంది? ఈ ఏడాది ఉంటే వచ్చే ఏడాది ఉంటుందా? ఇచ్చేవాడి మూడ్ మారితే ఏంటి పరిస్థితి?

దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే నాకు అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో ఒక చిన్న ఊరి కాలేజీ దొరికింది. పేరు బెరియా కాలేజ్. 1892 నుంచి అక్కడ ఏ విద్యార్థి దగ్గరా ట్యూషన్ ఫీజు తీసుకోలేదు. రెండు ప్రపంచ యుద్ధాలు, 1929 మార్కెట్ పతనం, 2008 పతనం, కోవిడ్, అన్నీ వచ్చి పోయాయి. ఫీజు సున్నా అంటే సున్నానే. ఎలా? అదే ఈ రోజు కథ.

ముందు ఒక మాట అర్థం చేసుకుందాం: ఎండోమెంట్. ఇది అమెరికా వాళ్ళు కనిపెట్టిన కొత్త వింతేం కాదు, మనకి బాగా తెలిసినదే. మన దగ్గర దేవాదాయ శాఖని ఎండోమెంట్స్ డిపార్ట్‌మెంట్ అనే కదా అంటాం. పాత రోజుల్లో గుడికి మాన్యం భూమి రాసిచ్చేవాళ్ళు. రూల్ ఏంటి? భూమి అమ్మకూడదు. దాని మీద వచ్చే పంటతోనే ధూపదీప నైవేద్యాలు జరగాలి. గుళ్ళలో శాశ్వత అన్నదానం బోర్డు చూసే ఉంటారు. మీరిచ్చిన డబ్బు డిపాజిట్‌లో ఉంటుంది, దాని వడ్డీతో ఏటా మీరు చెప్పిన రోజున భోజనాలు పెడతారు. అసలు ముట్టుకోరు. కాలేజీ ఎండోమెంట్ కూడా అంతే. అసలు రీడ్ ఓన్లీ ఫైల్ అనుకోండి, దాని మీద వచ్చే రాబడి మాత్రమే ఖర్చుకి.

ఇప్పుడు కెంటకీకి వెళ్దాం. సంవత్సరం 1855. అప్పటికి కెంటకీలో బానిసత్వం చట్టబద్ధం. జాన్ ఫీ అనే పాస్టర్, బానిసత్వం పాపం అని నమ్మినవాడు, ఒక గది బడి పెట్టాడు. ఆయనకి భూమి ఇచ్చింది ఎవరో తెలుసా? కాసియస్ క్లే అనే ఒక భూస్వామి, బానిసత్వాన్ని వ్యతిరేకించిన రాజకీయ నాయకుడు. పేరు ఎక్కడో విన్నట్టుంది కదా? బాక్సర్ మహమ్మద్ అలీ మొదటి పేరు కూడా కాసియస్ క్లేనే. ఆ పాత కాసియస్ క్లే పేరు మీదుగానే అలీ వాళ్ళ ఇంట్లో ఆ పేరు వచ్చింది.

1859లో జాన్ బ్రౌన్ తిరుగుబాటు జరిగింది. ఆ భయంతో బానిసల యజమానులు రగిలిపోయారు. ఆయుధాలతో వచ్చి ఫీనీ, ఆయన మనుషుల్నీ ఊళ్ళోంచి తరిమేశారు. అంతర్యుద్ధం అయిపోయాక వాళ్ళు తిరిగొచ్చారు. 1866లో నల్లజాతి పిల్లల్ని చేర్చుకున్న రోజున కొందరు తెల్లపిల్లలు లేచి వెళ్ళిపోయారు. అయినా కాలేజీ వెనక్కి తగ్గలేదు. 1866-67 లెక్క చూడండి: 96 మంది నల్లజాతి విద్యార్థులు, 91 మంది తెల్లజాతి విద్యార్థులు. దాదాపు సగం సగం. ఆడపిల్లలూ ఉన్నారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇలాంటి కాలేజీ ఇదే మొదటిది. కొన్నాళ్ళ ముందు వరకు బానిసలుగా ఉన్నవాళ్ళు, వాళ్ళని కొన్న సమాజంలోని పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్నారన్నమాట.

ఇక్కడి వరకు స్ఫూర్తి కథ. ఇక్కడి నుంచి డబ్బు కథ మొదలవుతుంది.

1892లో విలియం ఫ్రాస్ట్ అనే ఆయన ప్రెసిడెంట్‌గా వచ్చాడు. చందాలు సేకరించడంలో దిట్ట. ఉత్తరాది ధనవంతుల దగ్గరికి వెళ్ళి ఆయన చెప్పిన కథ ఏంటంటే, కెంటకీ కొండల్లో పేద తెల్లజాతి కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళకి చదువు లేదు, సాయం చెయ్యండి అని. అబద్ధం కాదు. అప్పలాచియన్ కొండల్లో నిజంగానే ఘోరమైన పేదరికం ఉంది. కానీ దాత చెవికి ఏ కథ నచ్చితే డబ్బు ఆ వైపే పారుతుంది. డబ్బు పారిన వైపే అడ్మిషన్లు కూడా పారాయి. సగం సగంగా మొదలైన కాలేజీలో కొన్నేళ్ళకే తెల్లజాతి విద్యార్థుల సంఖ్య చాలా ఎక్కువైపోయింది. ఏ చట్టం రాకముందే జరిగింది ఇది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

1904లో చట్టమే వచ్చింది. కెంటకీ శాసనసభలో కార్ల్ డే అనే సభ్యుడు పెట్టిన బిల్లు. నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ కలిపి చదువు చెప్తే నేరం. సంస్థకి 1,000 డాలర్ల జరిమానా. రాష్ట్రంలో ఈ చట్టం తగిలే కాలేజీ నిజానికి ఒక్కటే, బెరియా. కాలేజీ కోర్టుకెక్కింది. 1908లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయింది. కోర్టు చెప్పిన కారణం వింటే మతిపోతుంది. కాలేజీ అనేది రాష్ట్రం ఇచ్చిన చార్టర్‌తో పుట్టిన కార్పొరేషన్ కాబట్టి, దాని షరతులు మార్చే హక్కు రాష్ట్రానికి ఉంది అన్నారు. పిల్లల హక్కుల జోలికే పోలేదు. పేపర్ వర్క్ మీద తేల్చేశారు. జస్టిస్ హార్లన్ మాత్రం గట్టిగా విభేదించారు. ఆయన సొంత రాష్ట్రం కూడా కెంటకీయే.

మరి ఆ నల్లజాతి విద్యార్థుల సంగతి? కాలేజీ వాళ్ళు ఫిస్క్ లాంటి నల్లజాతి కాలేజీలకి వెళ్ళడానికి సాయం చేసింది. తర్వాత చందాలు పోగు చేసి, ఆండ్రూ కార్నెగీ పెద్ద మొత్తం ఇస్తే, సింప్సన్‌విల్ దగ్గర లింకన్ ఇన్‌స్టిట్యూట్ అనే వేరే విద్యాసంస్థ కట్టింది. 1912లో అది మొదలైంది. అక్కడ పుట్టి పెరిగిన పిల్లాడే విట్నీ యంగ్ జూనియర్, తర్వాత నేషనల్ అర్బన్ లీగ్ నాయకుడయ్యాడు. అంటే డబ్బు వృథా పోలేదు. కానీ పక్కపక్కన కూర్చునే అవకాశం మాత్రం పోయింది. చట్టం రావడానికి ఒక్క ఏడాది ముందు, 1903లో, బెరియాలో డిగ్రీ తీసుకున్న ఒకాయన పేరు కార్టర్ వుడ్సన్. 1926లో నీగ్రో హిస్టరీ వీక్ మొదలుపెట్టింది ఆయనే, ఇప్పటి బ్లాక్ హిస్టరీ మంత్‌కి మూలం అదే. ఒక్క ఏడాది, రెండేళ్ళు ఆలస్యంగా పుట్టి ఉంటే ఆయనకీ ఆ గేటు మూసుకుపోయేది.

ఇప్పుడు అసలు పాయింట్. 1920 అక్టోబరు. బెరియా ట్రస్టీలు కూర్చుని ఒక తీర్మానం రాశారు. ఎవరైనా చనిపోతూ వీలునామాలో ఏ షరతూ పెట్టకుండా కాలేజీకి డబ్బు రాస్తే, ఆ డబ్బు ఖర్చు చెయ్యకూడదు. నేరుగా ఎండోమెంట్‌లో కలపాలి.

వినడానికి చిన్న రూలే. కానీ ఒక కాలేజీ నడిపేవాడి స్థానంలో ఉండి ఆలోచించండి. హాస్టల్ పైకప్పు కారుతోంది. లెక్చరర్లకి జీతాలు చాలట్లేదు. ఇంతలో ఎవరో ముసలావిడ కన్నుమూస్తూ మీ కాలేజీకి డబ్బు రాసింది, దేనికైనా వాడుకోమంది. చేతిలో డబ్బు, ఎదురుగా కారుతున్న కప్పు. ముట్టుకోకూడదు! ఒక్క ఏడాది కాదు, వందేళ్ళకి పైగా అదే క్రమశిక్షణ. ఫలితం ఏంటంటే, దాదాపు 1,500 మంది చదివే ఆ చిన్న కాలేజీ నిధి ఇప్పుడు 100 కోట్ల డాలర్లు దాటిపోయింది. ఏడాది ఖర్చులో సుమారు నాలుగింట మూడు వంతులు దాని రాబడి నుంచే వస్తాయి. అక్కడ అడ్మిషన్ ఇచ్చేదే డబ్బున్న కుటుంబాల పిల్లలకి కాదు, లేనివాళ్ళకి. ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు క్యాంపస్‌లో ఏదో ఒక పని చెయ్యాలి, లైబ్రరీ, వంటిల్లు, తోట, ఆఫీసు, ఏదైనా.

సరే, ఈ నిధి నుంచి ఏటా ఎంత తీయాలి? ఇక్కడ చిన్న లెక్క. మీ దగ్గర కోటి రూపాయల నిధి ఉంది, ఏడాదికి 8 శాతం రాబడి అనుకుందాం. 8 లక్షలూ ఖర్చు పెట్టేస్తే? ఈ ఏడాది పిల్లలకి పండగే. కానీ ధరలు పెరుగుతాయి కదా. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా మీ దగ్గర అదే కోటి ఉంటుంది, అప్పటి ఫీజుల ముందు అది చిల్లర. అందుకే చాలా అమెరికా కాలేజీలు 4 నుంచి 5 శాతం మాత్రమే తీసి, మిగతాది అసలులో కలిపేస్తాయి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఈ ఏడాది నిధి విలువ మీద కాకుండా, గత మూడేళ్ళ సగటు మీద లెక్కేస్తారు. ఎందుకంటే మార్కెట్ పడిన ఏడాది స్కాలర్‌షిప్‌లు ఒక్కసారిగా కూలిపోకూడదు. 2008-09లో అమెరికా కాలేజీల నిధులు సగటున దాదాపు 19 శాతం నష్టపోయాయి. సగటు లెక్క లేకపోతే ఆ దెబ్బ మొత్తం ఆ ఏడాది చేరిన పిల్లల మీద పడేది.

మరి హార్వర్డ్ దగ్గర 5,000 కోట్ల డాలర్లకి పైగా ఉంది కదా, వాళ్ళకేం తక్కువ అంటారా? హార్వర్డ్ ఎండోమెంట్ ఒక్క డబ్బా కాదు. 14,000కి పైగా చిన్న చిన్న డబ్బాలు. ఎక్కువ భాగానికి దాత పెట్టిన షరతు ఉంటుంది. ఇది ఫలానా ప్రొఫెసర్ పోస్టుకి, ఇది ఫలానా సబ్జెక్టుకి అని. అందుకే కాలేజీ బడ్జెట్ చూసేవాళ్ళకి షరతు లేని రూపాయి అంటే బంగారం. షరతు ఉన్న రూపాయి తాళం వేసిన బీరువా, తాళం చెవి చనిపోయినవాడి చేతిలో ఉంటుంది.

ఆ తాళం చెవి కథ ఒకటి చెప్తాను. ఫిలడెల్ఫియాలో స్టీఫెన్ జిరార్డ్ అనే మహా ధనవంతుడు 1831లో చనిపోయాడు. అనాథ పిల్లల బడికి ఆస్తి రాశాడు. 1848లో జిరార్డ్ కాలేజ్ మొదలైంది. పేరుకి కాలేజ్, నిజానికి రెసిడెన్షియల్ స్కూల్. వీలునామాలో ఏం రాశాడు? పేద తెల్లజాతి మగపిల్లలకి మాత్రమే. మా భాషలో చెప్పాలంటే వివక్షని హార్డ్‌కోడ్ చేసి పోయాడు. వందేళ్ళు గడిచాయి. బడి చుట్టూ ఉన్న పేటల్లో నల్లజాతి కుటుంబాలే ఎక్కువయ్యాయి. వాళ్ళ పిల్లలు ఆ ఎత్తైన రాతి గోడ పక్కనుంచే రోజూ నడిచి వేరే బళ్ళకి పోయేవాళ్ళు. 1957లో సుప్రీంకోర్టు, నగర ప్రభుత్వ బోర్డు నడిపే సంస్థలో ఇది చెల్లదు అంది. వెంటనే ఏం చేశారో తెలుసా? బోర్డునే మార్చేశారు. ప్రైవేటు ట్రస్టీలని పెట్టి, ఇప్పుడు ఇది ప్రభుత్వ సంస్థ కాదుగా అన్నారు! 1965లో సెసిల్ మూర్ అనే లాయర్ నాయకత్వంలో ఆ గోడ బయట నెలల తరబడి జనం నిరసన చేశారు. మార్టిన్ లూథర్ కింగ్ కూడా వచ్చి మాట్లాడారు. చివరికి కోర్టుల ద్వారా 1968లో మొదటి నల్లజాతి పిల్లలు లోపలికి అడుగుపెట్టారు. ఆడపిల్లలు 1984లో. వీలునామాలో ఒక్క పదం చెరపడానికి 137 ఏళ్ళు పట్టింది.

అంటే శాశ్వత నిధి మంచిదే అని గుడ్డిగా అనలేం. మంచి రూల్‌ని ఎంత గట్టిగా కాపాడుతుందో, చెడ్డ రూల్‌ని కూడా అంతే గట్టిగా కాపాడుతుంది.

దీనికి తిరగబడిన కేసు కూడా ఉంది. మేరీలాండ్ విశ్వవిద్యాలయం ఒకప్పుడు నల్లజాతి విద్యార్థుల్ని అసలు చేర్చుకోలేదు. ఆ తప్పు దిద్దుకోవడానికి వాళ్ళ కోసమే బెంజమిన్ బానేకర్ పేరుతో స్కాలర్‌షిప్ పెట్టింది. బానేకర్ 18వ శతాబ్దపు నల్లజాతి ఖగోళ పండితుడు, పంచాంగాలు రాసినవాడు. ఒక విద్యార్థి, నేను నల్లజాతి కాదని నన్ను పక్కన పెట్టారు అని కేసు వేశాడు. 1994లో అప్పీలు కోర్టు ఆ స్కాలర్‌షిప్ చెల్లదంది. యూనివర్సిటీ దాన్ని ఫ్రాన్సిస్ స్కాట్ కీ పేరున్న ఇంకో స్కాలర్‌షిప్‌తో కలిపి, అందరికీ తెరిచింది. కీ ఎవరు? అమెరికా జాతీయ గీతం రాసినవాడు, బానిసల యజమాని కూడా. ఈ రోజుకీ ఆ రెండు పేర్లూ ఒకే స్కాలర్‌షిప్ మీద పక్కపక్కన ఉన్నాయి.

2023 జూన్‌లో హార్వర్డ్ కేసులో సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవద్దు అంది. టెక్సాస్‌లో, మన తెలుగువాళ్ళు బోలెడంత మంది చదువుకునే రాష్ట్రం, 2024 జనవరి 1 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో డైవర్సిటీ ఆఫీసులు ఉండకూడదని చట్టం అమల్లోకి వచ్చింది. ఏటా బడ్జెట్‌లో వచ్చే లైన్ మీద నడిచిన ఆఫీసు, ఆ లైన్ కొట్టెయ్యగానే మూతపడుతుంది. మీరు డైవర్సిటీ ప్రోగ్రాములకి అనుకూలమా వ్యతిరేకమా అన్నది పక్కన పెట్టండి, డబ్బు ఎలా పనిచేస్తుందో మాత్రం చూడండి.

బెరియా సంగతి మళ్ళీ. 1950లో కెంటకీ ఆ చట్టాన్ని సవరించింది. బెరియా అదే ఏడాది గేటు తెరిచింది. ఇప్పుడు అక్కడి విద్యార్థుల్లో నల్లజాతి పిల్లలు నాలుగో వంతుకి అటూ ఇటుగా ఉంటారు. వుడ్సన్ పేరు మీద ఒక సెంటర్ ఉంది. అక్కడే చాలా ఏళ్ళు పనిచేసిన రచయిత్రి బెల్ హుక్స్ పేరు మీద ఇంకో సెంటర్ ఉంది. కాలేజీ ఆశయమే అది కాబట్టి, డబ్బు కూడా దాని చుట్టూనే అల్లుకుంది. 2017లో అమెరికా ప్రభుత్వం పెద్ద నిధులున్న ప్రైవేటు కాలేజీల రాబడి మీద 1.4 శాతం పన్ను పెట్టినప్పుడు, తలసరి లెక్కన బెరియా కూడా ఆ వలలో పడింది! ఫీజే తీసుకోని కాలేజీకి ధనిక కాలేజీ పన్ను. 2018 ఫిబ్రవరిలో చట్టంలో "ట్యూషన్ కట్టే విద్యార్థులు" అన్న ఒక్క ముక్క చేర్చారు. బెరియాలో అలాంటి విద్యార్థులే లేరు కాబట్టి బయటపడింది.

కానీ నేను ఒకటి దాచకుండా చెప్పాలి. బెరియా 1920 రూల్ రాసుకున్నప్పుడు క్లాసుల్లో ఒక్క నల్లజాతి విద్యార్థి లేడు. ఈ నిధికి పునాది పడింది వాళ్ళని బయట ఉంచిన 46 ఏళ్ళలోనే. కొండల్లోని పేద తెల్లపిల్లల కథ చెప్పి తెచ్చిన డబ్బు అందులో చాలా ఉంది. 1950లో గేటు తెరుచుకున్నాక ఆ డబ్బే అందరికీ ఉపయోగపడింది. ఎందుకు? వీలునామాల్లో షరతు లేదు కాబట్టి. జిరార్డ్ లాగా ఎవరైనా "తెల్లవాళ్ళకే" అని రాసి ఉంటే, అది కూడా కోర్టుల చుట్టూ తిరిగేది. ఏ షరతూ లేని డబ్బుని ఖర్చు చెయ్యకుండా ఆపింది కాలేజీ. ఎవరి కోసం అన్నది మాత్రం తలుపు తెరిచే ఉంచింది, తెలిసి చేశారో తెలియక చేశారో.

ఇక మన దగ్గరికి వస్తే. అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్న కాలంలో, 1944లో, దళిత విద్యార్థులకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఈ రోజుకీ నడుస్తోంది. 2020 డిసెంబరులో కేంద్రం ఐదేళ్ళకి 59,048 కోట్ల ప్లాన్ ఆమోదించింది, కేంద్రం 60, రాష్ట్రం 40 వాటా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్ రాజశేఖరరెడ్డి కాలం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ లక్షల మందిని ఇంజినీరింగ్ దాకా తెచ్చింది. అందులో నా రూమ్మేట్ ఒకడు. సంఖ్యల్లో చూస్తే బెరియా దీని ముందు ఆవగింజ. అంత మందిని ఏ ఎండోమెంటూ చదివించలేదు, ప్రభుత్వమే చెయ్యాలి. కానీ ఇదంతా ఏటా బడ్జెట్ మీద నడిచే డబ్బు. ఖజానా టైట్ అయిన ఏడాది ముందు ఆగేది ఇదే. ఆగినప్పుడు కాలేజీ ప్రభుత్వాన్ని గట్టిగా అడగలేదు, కౌంటర్ దగ్గర నిలబడిన పిల్లాణ్ణి అడుగుతుంది.

అందుకే మా బ్యాచ్ వాళ్ళం పోయిన ఏడాది ఒక చిన్న పని మొదలుపెట్టాం. తలా కొంత వేసి ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాం. ఫీజు ఇవ్వడానికి కాదు, మాకంత సీన్ లేదు. రీయింబర్స్‌మెంట్ లేటై సర్టిఫికెట్లు ఆగిపోయిన వాళ్ళకి వడ్డీ లేని చేబదులు. ప్రభుత్వం డబ్బు పడ్డాక తిరిగి ఇచ్చేస్తారు, ఇంకొకరికి వెళ్తుంది. రూల్స్ రాసుకునేటప్పుడు పెద్ద గొడవే అయింది. ఒకడు మా బ్రాంచ్ వాళ్ళకే అన్నాడు, ఇంకొకడు మా జిల్లా వాళ్ళకే అన్నాడు. నేను జిరార్డ్ కథ చెప్పాను. చివరికి మూడు లైన్లు రాసుకున్నాం: అసలు ముట్టుకోము, చేబదులు వడ్డీలోంచి, తిరిగొచ్చిన డబ్బులోంచి మాత్రమే ఇస్తాం, అవసరం తప్ప ఇంకే షరతూ పెట్టం. వడ్డీ ఇప్పుడు ఏడాదికి ఒకరిద్దరికి కూడా సరిగ్గా సరిపోదు. మొదటి చేబదులు ఎవరి జేబులోంచి వెళ్ళిందో చెప్పనా? నా రూమ్మేట్. నిధి పెరిగేదాకా ఆగలేక, వాడే పక్కన వేరేగా పెట్టాడు.

మీ కాలేజీలో ఇలాంటిది ఏమైనా ఉంటే, దాని రూల్స్ ఎవరు రాశారో, అందులో ఏ పదం ఉందో కనుక్కుని కామెంట్‌లో రాయండి. ఇప్పుడు రీయింబర్స్‌మెంట్ కోసం ఎదురుచూస్తున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ పంపకండి, ముందు ఫోన్ చేసి ఎంత తక్కువైందో అడగండి. మళ్ళీ కలుద్దాం.